ఏజియన్ సముద్రం మీద మేమిద్దరం

మా పెళ్లయి ముప్ఫై ఏళ్లు నిండిన ఏడాదే మావారు రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బులో కొంత తీసి గ్రీసు వెళ్దాం, అక్కడ లగ్జరీ క్రూజ్ ఎక్కుదాం అన్నది ఆయన ఆలోచనే. హిందూపురం నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి, "ఆ డబ్బు సైటుకు అడ్వాన్సు కట్టుకోవచ్చు కదా వదినా" అంది. ఆమె మాట తప్పని నేననను. కానీ బెంగళూరు మారతహళ్లిలో మాకు ఇల్లుంది, పిల్లలు స్థిరపడ్డారు, ఆయన మోకాలు ఇంకా నడవనిస్తోంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనిపించింది.

క్రూజ్ అనగానే అయిదారు వేల మంది ఎక్కే ఓడలు గుర్తొస్తాయి. వాటిలో టికెట్ తక్కువే, కానీ కూల్‌డ్రింకు దగ్గర్నుంచి ఇంటర్నెట్ దాకా, పనివాళ్లకిచ్చే టిప్పుల దాకా విడిగా లెక్క కడతారు. మేం ఎంచుకున్నది ఏడు వందల మంది లోపు ఎక్కే ఓడ. ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది. అయితే అన్నీ అందులోనే కలిసి ఉన్నాయి, ప్రతి గదికీ బాల్కనీ ఉంది. పైగా చిన్న ఓడ కాబట్టి పెద్దవి ఆగని రేవుల్లో కూడా ఆగుతుంది. ఏజెంటు దగ్గర బుక్ చేసుకుంటే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) కూడా కట్టించుకుంటారు. అది ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది కాబట్టి ఆ కాగితం దాచుకోవాలి.

వీసా గురించి కాస్త వివరంగా చెప్పాలి. మా ఓడ గ్రీసులో బయలుదేరి, మధ్యలో టర్కీలో ఆగి, మళ్లీ గ్రీసుకే వస్తుంది. టర్కీ షెంజెన్ దేశం కాదు, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో లేదు. సింగిల్ ఎంట్రీ వీసా తీసుకుంటే టర్కీలో దిగాక తిరిగి గ్రీసులో అడుగుపెట్టడానికి ఉండదు. అందుకే మల్టిపుల్ ఎంట్రీ అడుగుతూ, ఓడ ఏ రోజు ఏ రేవులో ఉంటుందో తేదీలతో సహా ఒక ఉత్తరం రాసి దరఖాస్తుకు జత చేశాం. షెంజెన్ వీసా చేతికొచ్చాక టర్కీ ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే వచ్చేసింది. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలన్నది షెంజెన్ నిబంధన. ఆయన దాంతో ఆగలేదు. విమానం ఆలస్యమై ఓడ తప్పిపోతే తర్వాతి రేవుకు చేరుకునే ఖర్చు ఇచ్చే పాలసీ వెతికి మరీ తీసుకున్నారు.

బుధవారం రాత్రి, బెంగళూరు

2024 అక్టోబరు మధ్యలో బెంగళూరులో ఎలాంటి వానలు పడ్డాయో అక్కడున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మాన్యతా టెక్ పార్కులో నీళ్లు నిలిచిన వీడియోలు ఇంట్లో అందరి ఫోన్లలోనూ తిరుగుతున్నాయి. మా ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు మామూలుగా రింగ్ రోడ్డు పట్టుకుని హెబ్బాళ మీదుగా పోతాం. ఆ రాత్రి క్యాబ్ డ్రైవరు హెన్నూరు, బాగలూరు వైపు తిప్పాడు. విమానం తెల్లవారుజామున అయినా ఎనిమిదింటికే బయలుదేరాం. రెండో టెర్మినల్‌లో వెదురు పైకప్పు కింద, వేలాడే మొక్కల మధ్య కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం.

సామానులో గోంగూర, మాగాయ, కందిపొడి ఉన్నాయి, అన్నీ షాపులో సీలు వేసిన ప్యాకెట్లే. నెయ్యి మాత్రం పెట్టలేదు. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లకూడదు.

గురువారం, ఏథెన్స్

గల్ఫ్‌లో ఒకచోట విమానం మారాం. ఏథెన్స్‌లో దిగి బెల్టు దగ్గర నిలబడితే నా సూట్‌కేసు వచ్చింది, ఆయనది రాలేదు. బెల్టు ఆగిపోయేదాకా చూసి, బ్యాగేజీ కౌంటర్లో ఫిర్యాదు రాయించి, నంబరు తీసుకున్నాం. మందులన్నీ చేతి సంచిలోనే ఉన్నాయి కాబట్టి టెన్షన్ పడలేదు. కౌంటర్లో అమ్మాయి మొదట అడిగిన ప్రశ్న, "మీరు ఓడ ఎక్కేది ఎప్పుడు?" అని. శనివారం అనగానే ఆమె ముఖం తేటపడింది. అదే రోజు ఓడ ఎక్కేవాళ్ల పెట్టెలు ఒక దీవి నుంచి ఇంకో దీవికి వాళ్ల వెనకాలే తిరుగుతుంటాయట. కొన్ని యాత్ర అయిపోయాక గానీ దొరకవట.

క్రూజ్ కోసం విదేశం వెళ్లేవాళ్లకు ఇది గట్టిగా చెబుతాను. ఓడ ఎక్కే రోజున విమానం దిగేలా టికెట్ కొనకండి. విమానం తప్పితే ఇంకో విమానం ఉంటుంది, ఓడ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. హోటల్‌కు ఖర్చయినా సరే, రెండు రాత్రులు ముందు చేరండి.

ఎయిర్‌పోర్టు నుంచి మెట్రోలో తొమ్మిది యూరోల టికెట్‌తో సింటాగ్మా చేరాం. అదే నీలం లైను 2022 నుంచి నేరుగా పిరేయస్ రేవు దాకా వెళ్తోంది. సాయంత్రం ఆయనకు రెండు చొక్కాలు కొన్నాం.

శుక్రవారం, ఏథెన్స్

పొద్దున్నే అక్రోపొలిస్ కొండ ఎక్కాం. వేల ఏళ్లుగా నడిచిన పాదాలకు అక్కడి పాలరాయి నునుపుదేలిపోయింది. పట్టున్న బూట్లు లేకపోతే జారడం ఖాయం. నేను ఆయన చెయ్యి వదల్లేదు, ఆయనా నా చెయ్యి వదల్లేదు.

కొండ మీది పార్థెనాన్ గుడి కట్టడం క్రీ.పూ. 447లో మొదలైంది. మధ్యలో చర్చి అయింది, మసీదు అయింది. 1687లో తురుష్కులు అందులో మందుగుండు దాచి ఉంచగా వెనీస్ సైన్యం ఫిరంగి పేల్చింది. ఇప్పుడు కనిపించే శిథిలంలో పెద్ద భాగం కాలం చేసింది కాదు, ఆ ఒక్క పేలుడు చేసింది. నేను చిన్నప్పటి నుంచి లేపాక్షి స్తంభాల మధ్య ఆడుకున్నదాన్ని. వేలాడే స్తంభం కింద చీర కొంగు దూర్చి లాగడం మా ఊళ్లో ప్రతి ఆడపిల్లా చేసే పని. అలాంటి నాకు ఆ కూలిన వరస చూస్తే కడుపులో దేవినట్టయింది. కొండ కింద మ్యూజియంలో ఆడపిల్లల రూపంలో చెక్కిన అయిదు కన్యా స్తంభాలు నిలబడి ఉన్నాయి, ఆరోది ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆమె లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ ఖాళీని పూడ్చకుండా అలాగే వదిలేయడం నాకు న్యాయంగా అనిపించింది.

రాత్రి తొమ్మిది దాటాక సూట్‌కేసు హోటల్‌కు వచ్చింది.

శనివారం, పిరేయస్

ఓడ ఎక్కే పని సగం ఇంట్లోనే అయిపోతుంది. పాస్‌పోర్టు వివరాలు, ఫొటో వాళ్ల యాప్‌లో ముందే పెట్టాం, పెట్టెలకు కట్టే ట్యాగులు బెంగళూరులోనే ప్రింట్ తీసుకున్నాం. రేవులో పెట్టెలు ఇచ్చేశాక అవి మళ్లీ గది తలుపు దగ్గరే కనబడ్డాయి. కౌంటర్లో వీసా ముందు చూశారు, తర్వాతే మమ్మల్ని చూశారు. చేతికి ఒక కార్డు ఇచ్చారు. గది తాళం, గుర్తింపు, లెక్క అన్నీ ఆ కార్డే. ఓడ దిగినా ఎక్కినా దాన్ని చూపాల్సిందే. లోపల ఎవరున్నారు, బయట ఎవరున్నారు అన్నది వాళ్లకు దాంతోనే తెలుస్తుంది.

బయలుదేరే ముందు ప్రమాద సమయపు డ్రిల్. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినగానే ఎవరికి చెప్పిన చోట వాళ్లు చేరాలి. కొందరు విసుక్కున్నారు, మాకు మాత్రం అది ముఖ్యమనిపించింది. టైటానిక్ మునిగాక 1914లో పలు దేశాలు కూర్చుని ఓడల భద్రతకు తొలి ఒప్పందం రాసుకున్నాయి. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్తా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందల మందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. ఇప్పుడు ఓడ బయలుదేరే ముందో, బయలుదేరగానేనో డ్రిల్ జరిగి తీరాలి.

గది తలుపు తీసిన కుర్రాడు పాస్‌పోర్టులో ఊరి పేరు చూసినట్టున్నాడు. "తెలుగువాళ్లా అమ్మా?" అన్నాడు. వాళ్లది శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర పల్లె. విశాఖలో సేఫ్టీ కోర్సులు చేసి, సీడీసీ (ఓడల్లో పనిచేసేవాళ్ల గుర్తింపు పుస్తకం) తీయించుకుని, ఇది మూడో కాంట్రాక్టుట. నెలల తరబడి సముద్రం మీదే. కూతురు పుట్టిన రోజున నల్ల సముద్రంలో ఉన్నాడట, ఫోన్‌లో చూశాడట. మావారు అతణ్ని "నాయనా" అనే పిలిచారు, చివరి రోజు దాకా అలాగే.

ఓడ కదులుతుంటే బాల్కనీలో నిలబడ్డాం. ఇంజను చప్పుడు వినపడలేదు, రేవే వెనక్కి జరిగిపోతున్నట్టు అనిపించింది.

ఆదివారం, మైకనోస్

తెల్లటి ఇళ్లు, గాలిమరలు, ఖరీదైన షాపులు. రెండు గంటల్లో ఓడకు వచ్చేశాం. అందరూ ఊళ్లోకి పోయాక ఓడ ఖాళీ. ఆ మధ్యాహ్నం డెక్ మీద పక్కపక్కన కుర్చీలు వేసుకుని పడుకున్నాం. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చానన్న ధ్యాస లేకుండా నేను పగలు నిద్రపోయి ఎన్నేళ్లయిందో. లగ్జరీ అంటే బంగారు కుళాయిలని అనుకునేదాన్ని. రేపు వంటేమిటన్న ఆలోచన లేకపోవడమే నాకు అన్నిటికన్నా పెద్ద భోగం.

తిండి సంగతి. నేను శాకాహారిని, ఆయన చేప, కోడి తింటారు. బుక్ చేసినప్పుడే ఇండియన్ వెజిటేరియన్ అని రాయించాం. అలా రాయిస్తే ముందు రోజు రాత్రే హెడ్ వెయిటర్ వచ్చి రేపు ఏం కావాలో అడుగుతాడు. పప్పు, బెండకాయ, చపాతీ ఏ రోజూ తప్పలేదు. పెరుగైతే మన గేదె పెరుగుకు దీటుగా ఉంది, గ్రీకుల పెరుగు గట్టిగానే ఉంటుంది.

సోమవారం, కుషాదాసి, ఎఫెసస్

ఈ యాత్ర మొత్తంలో నా మనసులో నిలిచిపోయిన చోటు ఇదే. టర్కీ రేవు కుషాదాసి నుంచి బస్సులో అరగంట లోపే ఎఫెసస్ అనే పురాతన నగరం. రోమన్ల కాలంలో ఆసియా రాష్ట్రానికి ఇదే రాజధాని. పాలరాతి వీధి ఏటవాలుగా కిందికి దిగుతుంది, చివర సెల్సస్ గ్రంథాలయం ముఖద్వారం రెండంతస్తుల ఎత్తున నిలబడి ఉంటుంది. క్రీ.శ. రెండో శతాబ్దంలో ఒక కొడుకు తండ్రి జ్ఞాపకంగా కట్టించాడు. తండ్రి సమాధి ఆ పుస్తకాల కిందే ఉంది. భూకంపాలకు నేలకొరిగిన రాళ్లను ఏరి, 1970ల్లో మళ్లీ నిలబెట్టారు.

నాటకశాలలో పాతిక వేల మంది పట్టేవారట. దాని ముందు నుంచి ఒక వెడల్పాటి దారి నేరుగా రేవుకు పోతుంది. ఆ దారిలో చివరిదాకా చూస్తే రేవు లేదు, పొలాలున్నాయి. నది ఏటా తెచ్చిన ఒండ్రు పూడుకుపోయి సముద్రం కిలోమీటర్ల దూరం జరిగిపోయింది. ఓడలు రావడం ఆగింది, ఊరు ఖాళీ అయింది. ప్రపంచ వింతల్లో ఒకటైన ఆర్టెమిస్ గుడి ఉన్న చోట బురద నేలలో ఒకే ఒక్క స్తంభం మిగిలింది, అది కూడా ముక్కలు పేర్చి నిలబెట్టిందే. ఉద్యోగమంతా నీళ్ల పైపుల మధ్య గడిపిన మావారు ఆ పొలాల వైపు చాలాసేపు చూశారు. "పూడిక తీయకపోతే ఇంతే" అన్నారు. తీశారట కూడా, చాలాసార్లు. నది గెలిచింది.

ఇక్కడ ఓడ సమయం గురించి ఒక మాట. టర్కీలో గడియారం గ్రీసుతో అన్నివేళలా కలవదు, ఫోన్ దానంతట అదే మారిపోతుంది. ఓడలో ఏ సమయం నడుస్తోందో దిగే ముందు గ్యాంగ్‌వే (ఓడ దిగే దారి) దగ్గర రాసి ఉంటుంది, దాన్నే నమ్మాలి. ఓడ వాళ్ల టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. దూరంగా ఉన్న చోట్లకు మేం ఓడ టూరే తీసుకున్నాం, దగ్గరివి నడిచి చూశాం.

మంగళవారం, రోడ్స్

కోట గోడలు ఓడ దిగిన చోటి నుంచే మొదలవుతాయి. 1309 నుంచి 1522 దాకా ఏలిన క్రైస్తవ యోధుల వీధి ఇంకా నిలిచి ఉంది. కొలోసస్ అనే సుప్రసిద్ధ కంచు విగ్రహం మాత్రం క్రీ.పూ. 226 భూకంపంలోనే కూలిపోయింది, అది ఎక్కడ నిలబడి ఉండేదో కూడా ఎవరూ రూఢిగా చెప్పలేరు. ఆయన మోకాలికి విశ్రాంతి ఇద్దామని కోట లోపలి చెట్టు కింద కాఫీ తాగుతూ కూర్చున్నాం.

బుధవారం, క్రీట్

క్నోసోస్ రాజభవనాన్ని 1900 నుంచి ఆర్థర్ ఎవాన్స్ తవ్వించాడు. తవ్వి ఊరుకోకుండా, తన ఊహ మేరకు కాంక్రీటుతో ఎర్ర స్తంభాలు, గోడలు మళ్లీ కట్టించాడు. నాకు అది నచ్చలేదు. ఏది పాతదో ఏది ఆయన ఊహో తెలియకుండా పోయింది. మావారికి ఆ పట్టింపు లేదు, ఎందుకంటే ఆయనకు మట్టి పైపులు కనబడ్డాయి. మూడున్నర వేల ఏళ్ల కిందటివి, ఒక కొస సన్నగా, ఒక కొస లావుగా చేసి ఒకదాంట్లో ఒకటి దూర్చి వేసిన నీటి గొట్టాలు. ఆయన కూర్చుని గైడుకే వివరించారు, అలా సన్నబడటం వల్ల నీటి వేగం పెరిగి మట్టి పేరుకోకుండా ఉంటుందని. ఆ ఎండాకాలమే బెంగళూరులో బోర్లు ఎండి, ట్యాంకరు కోసం అర్ధరాత్రిళ్లు మేలుకున్నాం. "ఊరు కట్టే ముందు నీళ్లు చూసుకున్నారు వీళ్లు" అన్నారు ఆయన.

ఆ రాత్రి అందరూ ముస్తాబై రావాల్సిన విందు. నేను ధర్మవరం పట్టుచీర కట్టుకున్నాను, ముదురాకుపచ్చకు మామిడిపండు రంగు అంచు. పక్క బల్ల దగ్గరి పెద్దావిడ వచ్చి అంచు పట్టుకుని చూసి, మగ్గం మీద నేసిందా అని అడిగింది. కూర్చోబెట్టి అన్నీ చెప్పాను.

గురువారం, సాంతోరిని

ఇక్కడ ఓడ ఒడ్డుకు ఆనదు. క్రీ.పూ. 1600 ప్రాంతంలో అగ్నిపర్వతం బద్దలై దీవి నడుమ కుంగిపోగా సముద్రం లోపలికి వచ్చింది. ఆ గుంటలోనే ఓడలు ఆగుతాయి. చిన్న పడవల్లో ఒడ్డుకు చేరి, నిటారు కొండ మీది ఫీరా ఊరికి కేబుల్ కారులోనో, దాదాపు ఆరు వందల మెట్లెక్కో, గాడిద మీదో పోవాలి. గాడిదల అవస్థ చూశాక వాటిని ఎక్కాలనిపించలేదు. మధ్యాహ్నానికి ఇంకో మూడు ఓడలు వచ్చాయి, కేబుల్ కారు వరస మలుపు తిరిగి మెట్ల మీదికి పాకింది. మేం ఓడ టూరులో వేరే రేవు నుంచి బస్సెక్కి పొద్దున్నే పైకి చేరాం కాబట్టి వెళ్లేటప్పుడు ఆ తిప్పలు లేవు. కిందికి దిగేటప్పుడు మాత్రం గంటకు పైగా నిలబడ్డాం.

ఈ రద్దీ వల్లే 2025 జులై నుంచి గ్రీసు క్రూజ్ ప్రయాణికుల మీద రుసుము పెట్టింది. సాంతోరిని, మైకనోస్‌లలో వేసవి రద్దీ నెలల్లో మనిషికి 20 యూరోలు. అంత చిన్న ఊరు రోజుకు వేల మందిని మోయడం చూశాక ఆ రుసుము సబబే అంటాను.

శుక్రవారం, నాఫ్‌ప్లియో, ఎపిడారస్

పెద్ద ఓడలు అంతగా రాని రేవు ఇది. ఏథెన్స్ కంటే ముందు కొత్త గ్రీసు దేశానికి రాజధానిగా ఉన్న ఊరు. అక్కడి నుంచి ఎపిడారస్ వెళ్లాం. కొండవాలులో యాభై అయిదు వరసల రాతి మెట్లు, దాదాపు పద్నాలుగు వేల మంది కూర్చునే నాటకశాల. క్రీ.పూ. నాలుగో శతాబ్దానిది. మైకులు లేని కాలంలో చివరి వరస దాకా మాట వినబడేలా కట్టారు.

ఆయన మోకాలు ఆ మెట్లకు ఒప్పుకోలేదు. "నువ్వెళ్లు, నేనిక్కడ ఉంటా" అన్నారు. నేను మెల్లగా ఎక్కి పై వరసలో కూర్చున్నాను. కింద నడిమి రాతి మీద గైడు ఒక్కొక్కరినీ నిలబెట్టి మాట్లాడమంటోంది. ఎవరెవరో వాళ్ల వాళ్ల భాషల్లో ఏదో అన్నారు. ఆయన వంతు వచ్చింది. పైకి చూసి, ఇంట్లో హాల్లోంచి వంటింట్లోకి అడిగినట్టు, "పొద్దున బీపీ మాత్ర వేసుకున్నావా?" అన్నారు. ఒక్క అక్షరం పోకుండా వినపడింది. నేను లేచి నిలబడి చెయ్యి ఊపాను, వేసుకున్నానండీ అని.

శనివారం, మళ్లీ పిరేయస్

ముందు రాత్రే పెట్టెలు గది బయట పెట్టేయాలి, పొద్దున కట్టుకునే బట్టలు, మందులు, పాస్‌పోర్టు చేతి సంచిలో ఉంచుకుని. మిగిలిన గోంగూర, కందిపొడి ప్యాకెట్లు సోంపేట అబ్బాయికి ఇచ్చాం. వంటశాలలో ఇంకో ఇద్దరు తెలుగువాళ్లున్నారట, వాళ్లతో పంచుకుంటానన్నాడు. సంక్రాంతికి ఇంట్లో ఉంటాడట.

దిగే రోజు విమానం మధ్యాహ్నం ఒంటి గంట తర్వాతే పెట్టుకోవాలి. మాది మూడింటికి. ఎనిమిదిన్నరకల్లా దిగేశాం కాబట్టి పెట్టెలు భద్రపరిచే చోట ఇచ్చి, పిరేయస్ మ్యూజియానికి వెళ్లాం. ఊళ్లో ఇంత గొప్ప మ్యూజియం ఉన్నా ఓడ ఎక్కేవాళ్లు చాలామంది దాని ముందు నుంచే టాక్సీలో వెళ్లిపోతారు. 1959లో ఇక్కడ రోడ్డు తవ్వుతుంటే పనివాళ్లకు కంచు విగ్రహాలు దొరికాయి. నిలువెత్తు అపోలో, ఎథీనా, ఆర్టెమిస్. రెండు వేల ఏళ్లుగా ఎవరి కంటా పడకుండా మట్టి కింద ఉండిపోయాయి. తవ్వింది పైపులు వేయడానికని పలక మీద చదవగానే మావారు నన్ను పిలిచి మళ్లీ చదివించారు. ఏ వీధిలో దొరికాయి, ఎంత లోతున ఉన్నాయి అని అక్కడి కాపలా ఆయన్ను అడిగారు. ఆయన మ్యాపు తీసి చూపించాడు, నడిస్తే పది నిమిషాలు. గడియారం చూసుకున్నాం. టైముంది, ఆ వీధి కూడా చూసి ఎయిర్‌పోర్టుకు టాక్సీ ఎక్కాం.